పొయ్యికి ఆదివారం

రాజధాని నగరంలో సెలవు దినమంటే ఇంట్లో పొయ్యి వెలిగించని దినమని అర్థం స్థిరపడి చాలాకాలమైనది. ఆదివారం సాయంకాలం కన్నాట్ ప్లేస్ చుట్టూ ఒకమారు తిరిగి వస్తే ఈ సంగతి ఎవరికైనా బోధపడుతుంది. భార్యాభర్తలు, పిల్లలు, అప్పుడప్పుడు తాతగారు కూడా కాగితం పొట్లాలు చేతబట్టుకుని నిలబడే భోజనం ముగిస్తుంటారు. ఆ పొట్లాలలో ఎక్కువ భాగం బర్గర్లే. ఈ వంటకం నిరులాస్ వారి దుకాణం ద్వారా 1970 దశకం చివర ఢిల్లీ మధ్యతరగతికి పరిచయమైనది. 1996 అక్టోబరులో వసంత్ విహార్ ప్రాంతాన మెక్‌డొనాల్డ్స్ సంస్థ మన దేశంలో తన మొదటి శాఖను తెరిచింది. ఆవు మాంసం, పంది మాంసం రెండింటినీ పరిహరించి, గొర్రె మాంసంతోను, ఆ తరువాత బంగాళాదుంప టిక్కీతోను భారతీయుల నాలుకను మచ్చిక చేసుకున్నది.

జర్మనీలోని హాంబర్గ్ రేవు పేరు మోసుకుని, వలసవచ్చినవారి వెంట అమెరికా చేరి, అక్కడ రెండు రొట్టెల నడుమ ఇమిడిపోయిన పదార్థమిది. పుట్టుకలోనే ఇది పనివాడి తిండి. కంచం అక్కరలేదు, కూర్చోనక్కరలేదు, ఒక చేత్తో తిని రెండవ చేతితో పని చేసుకోవచ్చును. అయితే తెలుగువారికి గోధుమ రొట్టెతో ఉన్న అనుబంధం వేరు. పాతతరంవారికి బ్రెడ్డు అనగానే గుర్తుకు వచ్చేది జ్వరం. డాక్టరు రాసిచ్చిన అరకుతోపాటు పాలలో ముంచుకుని తిన్న తెల్లని ముక్కలే వారు ఎరిగిన రొట్టె. 1965లో ఆవిర్భవించిన ప్రభుత్వరంగ మోడరన్ బేకరీస్ సంస్థ మైనపు కాగితంలో చుట్టిన రొట్టెను నగరాలలోని ఇంటింటికీ అలవాటు చేసింది. ఆ సంస్థను 2000 జనవరిలో కేంద్ర ప్రభుత్వం హిందుస్థాన్ లీవర్‌కు అమ్మివేసింది. రొట్టె మాత్రం జ్వరపు మంచం దిగి సెలవుదినపు బల్ల మీదికి ఎక్కింది.

ఈ వారం ఈ శీర్షికలో బర్గర్ ప్రసక్తి రావటానికి కారణం ఢిల్లీ దుకాణాలు కావు. రాజధానికి బహుదూరాన, బంగాళాఖాతంలో, హోప్ టౌన్ అనే చిన్న ఊరిలో ఒక తెలుగు కుటుంబం ఆదివారంనాడు బర్గర్లను ఇంట్లోనే చేసుకుని తింటూ శాస్త్రీయ సంగీతం వినటం ఈ విలేఖరి కంటబడింది. చూడటానికి ఇది అల్పవిషయం. కాని సెలవు అనేది ఎవరిది, ఎందుకు అనే పెద్ద ప్రశ్నకు పార్లమెంటు చర్చలలో దొరకని సమాధానం కొంత ఆ వంటింటిలో దొరికింది.

ఆశ పేరు పెట్టుకున్న ఊరు

అండమాన్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం దానికి శ్రీ విజయపురం అని నామకరణం చేసింది. అక్కడి చాతం రేవు వద్ద పడవ ఎక్కి బాంబూఫ్లాట్‌లో దిగి, తీరం వెంట కొంతదూరం వెళితే హోప్ టౌన్ వస్తుంది. వెనుక దట్టమైన అడవితో నిండిన కొండ. ఒకనాటి మౌంట్ హేరియట్ అది. 1891 యుద్ధానంతరం మణిపురం నుంచి ఇక్కడికి ద్వీపాంతరం పంపబడిన వీరుల స్మృత్యర్థం 2021లో మౌంట్ మణిపూర్ అయినది.

చరిత్ర పుస్తకాలలో ఈ ఊరి పేరు ఒక్క సాయంకాలం కారణంగా నిలిచిపోయింది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో శిక్షాస్థావరాలను తనిఖీ చేసి, పని ముగిసిన తరువాత ఇంకా పొద్దు ఉన్నదని ఈ కొండ ఎక్కి సూర్యాస్తమయం చూశాడు. దిగి వచ్చేసరికి చీకటి పడింది. హోప్ టౌన్ రేవులో దివిటీల వెలుగున పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ కత్తితో పొడిచాడు. సత్ప్రవర్తన కారణంగా మంగలిపని చేసుకుంటూ కొంత స్వేచ్ఛగా తిరిగే అనుమతి పొందినవాడు ఆ ఖైదీ. ఆయనను ఇక్కడికి సమీపాననే ఉన్న వైపర్ దీవిలో ఉరితీశారు.

ఆనాడు వైస్రాయికి సాయంకాలపు విరామం ఉన్నది, సూర్యాస్తమయం చూసే తీరిక ఉన్నది. 1858 నుంచి ఓడలమీద తెచ్చి దించిన వేలాది ఖైదీలకు ఉన్నది చాకిరీ. 1906లో పూర్తయిన సెల్యులర్ జైలులో మనుషులను గానుగకు కట్టి, రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయమన్నారు. అదే జైలులో 1933లో రాజకీయ ఖైదీలు నిరాహారదీక్షకు పూనుకున్నారు. వారు కోరినవి ఏమిటి? తినదగిన అన్నం, గదిలో దీపం, చదువుకోవటానికి పుస్తకాలు, సాటి మనుషులతో నాలుగు మాటలు. దీక్ష 46 రోజులు సాగింది. మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర అనే ముగ్గురు బలవంతంగా ఆహారం ఎక్కించే ప్రయత్నంలో ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాతగాని అధికారులు మెట్టు దిగలేదు. రుచిగల భోజనం, మనస్సుకు ఇంపైన కాలక్షేపం విలాసాలని తలచేవారు ఈ ఒక్క ఉదంతాన్ని గుర్తుంచుకుంటే చాలును. ఈ దీవులలో వాటికోసం మనుషులు ప్రాణాలు ఇచ్చారు.

సిక్కోలు నుంచి సముద్రం దాటి

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 50 వేలమంది, అంటే నూటికి 13 మంది. వీరిలో అధికభాగం శ్రీకాకుళం, విశాఖ మండలాల తీరగ్రామాలనుంచి చేపల వేటకు, కూలిపనికి వచ్చినవారు, వారి సంతతి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారు మూటలో బట్టలు, వలలు తెచ్చుకున్నారేగాని సంగీతం తెచ్చుకున్నారా అని ఎవరైనా అడగవచ్చును. ఆ ప్రాంతం సంగీతానికి గొడ్డుపోయినది కాదు. విజయనగరం మహారాజా వారి సంగీత కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులుగా ఆరంభమైనది. ఆ ఏడాదే వయొలిన్ ఆచార్యులుగా చేరిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1936లో దానికి అధ్యక్షులైనారు. చూపు మందగించినా కమాను మీద పట్టు సడలని ఆ మహానుభావుని వాద్యం ఉత్తరాంధ్ర పేరును దక్షిణదేశమంతటా మోగించింది.

ఈ విలేఖరికి ఆతిథ్యమిచ్చిన ఇల్లాలు పెండ్లికి పూర్వం విజయనగరంలో రెండేళ్ళు గాత్రం నేర్చుకున్నారు. వర్ణాలు దాటి కృతులలోకి ప్రవేశిస్తుండగా సంబంధం కుదిరింది. భర్త రేవులో పడవలమీద ఉద్యోగి. అత్తగారు యాభై ఏళ్ళ క్రితం కొత్త కోడలుగా కళింగపట్నం ప్రాంతంనుంచి ఓడలో వచ్చినావిడ. కొడుకుకు పధ్నాలుగేళ్ళు, కూతురికి పది. భర్తకు వారపు సెలవు వంతులవారీగా వస్తుంది. పిల్లల ఆదివారం, ఆయన సెలవు ఒకేరోజున కలిసే వారాలు తక్కువ. అటువంటి అరుదైన ఆదివారమే అది.

ఆ ఇంటిలో ఒక ఏర్పాటు ఉన్నది. సెలవులు కలిసిన ఆదివారంనాడు ఇల్లాలు వంటగదిలో అడుగు పెట్టరు. తండ్రీపిల్లలు వంటకు పూనుకుంటారు. ఆమె ముందుగదిలో చాపమీద కూర్చుని సంగీతం వింటారు, ఓపిక ఉంటే పాడుకుంటారు.

వడ్డన లేని భోజనం

వంట బర్గరే ఎందుకు కావలెనని అడిగితే పిల్లల ముచ్చటకనే సమాధానం వస్తుందనుకున్నాము. గృహస్థు చెప్పిన కారణం వేరు. అన్నం, పప్పు, పులుసు, కూర అంటే ఎవరు వండినా వడ్డన ఒకటి ఉంటుంది. వడ్డించేవారు నిలబడవలె. మారు అన్నం అడిగినప్పుడు లేవవలె, మజ్జిగ అందించవలె, అందరూ లేచిన తరువాత మిగిలినది తినవలె. "మేం వండినా చివరికి వడ్డన తనదే అయిపోయేదండీ. అలవాటు ప్రాణం, కూర్చోమన్నా కూర్చోదు. ఇదైతే ఎవరిది వాళ్ళు పేర్చుకుంటారు. లేవాల్సిన పనేముంది?" అన్నారాయన.

పెద్ద గ్రంథాలలో కూడా ఇంత స్పష్టంగా బర్గర్ సుగుణాన్ని ఎవరూ వర్ణించి ఉండరు. అమెరికాలో ఫ్యాక్టరీ కూలి తొందరకోసం పనికివచ్చిన తిండి, హోప్ టౌన్‌లో ఒక గృహిణి నెమ్మదికోసం పనికివచ్చింది.

వారు చేసే విధానం కూడా చెప్పవలసినదే. వంజరం చేప ముక్కలను పసుపు, ఉప్పు వేసి ఉడికించి, ముల్లు లేకుండా విడదీశారు. అంతే పరిమాణంలో బంగాళాదుంపలు ఉడికించి మెదిపి, సన్నగా తరిగిన ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర, మిరియాల పొడి కలిపారు. ముద్ద పలుచనైతే పెనంమీద విడిపోతుందని గుప్పెడు రస్కు పొడి చేర్చారు. అరచేత అద్ది, గిలకొట్టిన గుడ్డులో ముంచి, మళ్ళీ రస్కు పొడిలో పొర్లించి, తక్కువ నూనెలో రెండు వైపులా ఎర్రగా కాల్చారు. ముందురోజు సాయంత్రం బేకరీలో కొన్న బన్నులను అడ్డంగా కోసి వెన్న రాసి అదే పెనంమీద వేడిచేశారు. ఉల్లి చక్రాలు, టమాటా, దోసకాయ ముక్కలు ఒక పళ్ళెంలో పెట్టారు. సాసుకు మారుగా కొబ్బరి, పుదీన పచ్చడి. చేప, కొబ్బరి దీవులలోనివే. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు మాత్రం ఓడలో రావలసినవి. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం ఏ రేవునుంచి వచ్చినా వేయి కిలోమీటర్లకు పైబడిన సముద్రం దాటాలి. తుఫాను పట్టి ఓడ ఆలస్యమైతే ఉల్లి ధర ఆకాశానికి ఎక్కుతుంది. అందుచేత బర్గరులోని ఒక్కొక్క ఉల్లి చక్రానికి అక్కడ గౌరవం ఉన్నది.

కుర్రవాడు దుంపలు మెదుపుతూ, "అమ్మా, ఉప్పెంత?" అని కేక వేశాడు. "అమ్మనడక్కు. నువ్వే రుచి చూడు," అని తండ్రి గద్దించాడు. ఉప్పు కొంచెం ఎక్కువే అయినది. ఎవరూ పైకి అనలేదు.

రాగానికి తెంపులేని గంట

ముందుగదిలో ఆ సమయానికి ద్వారంవారి పాత రికార్డింగు ఒకటి టెలిఫోనునుంచి చిన్న పెట్టెద్వారా వినిపిస్తున్నది. అనంతరం ఒక గాత్ర కచేరీ, ఖరహరప్రియలో విస్తారమైన ఆలాపన. శాస్త్రీయ సంగీతంలోని కష్టసుఖాలన్నీ కాలంతో ముడిపడి ఉన్నాయి. చిత్రగీతాన్ని కూర తరుగుతూ వినవచ్చును. నడుమ లేచి వెళ్ళి వచ్చినా పల్లవి మళ్ళీ పలుకరిస్తుంది. రాగాలాపన అటువంటిది కాదు. గాయకుడు ఒక్కొక్క స్వరాన్ని మెట్టుగా పేర్చుకుంటూ పైకి పోతాడు. నడుమ కుక్కరు ఈల వేస్తే, పాలు పొంగితే, లేచిన శ్రోతకు ఆ మెట్లు జారిపోతాయి. తిరిగి వచ్చేసరికి రాగం తారస్థాయిలో ఉంటుంది, ఎలా ఎక్కిందో తెలియదు.

ఆ ఇల్లాలు ఈ మాటనే తన ధోరణిలో చెప్పారు. "పదిహేనేళ్ళుగా వింటూనే ఉన్నానన్నయ్యగారూ. పూర్తిగా విన్న రాగాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు నెలకి ఒకటో రెండో అవుతున్నాయి."

దీవులకు సంగీతం చేరిన తీరు కూడా ఒక చరిత్రే. 1952లో ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమాన్ని ఆరంభించినప్పుడు ఢిల్లీ కచేరీ దేశంలోని మూలమూలలా వినిపించాలన్నది సంకల్పం. పోర్ట్ బ్లెయిర్‌లో ఆకాశవాణి కేంద్రం 1963లో వెలసింది. 2016 జనవరి 26న కేవలం శాస్త్రీయ సంగీతానికే ‘రాగం’ అనే ప్రత్యేక ప్రసారం మొదలైనది. చెన్నైనుంచి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన కేబులును ప్రధానమంత్రి 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అంతకుముందు ఇంటర్నెట్ ఉపగ్రహాలమీదనే ఆధారపడేది. పాట సగంలో ఆగిపోవటం నిత్యకృత్యంగా ఉండేదని ఆ ఇంటివారు జ్ఞాపకం చేసుకున్నారు. ఇప్పుడు పాట ఆగదు. వినేవారిని లేవనీయకుండా చూడటమొక్కటే మిగిలిన పని. దానికి ఏ కేబులూ చాలదు.

శాసనం చేరని గది

వారపు సెలవు మనకు ఉచితంగా వచ్చినది కాదు. బొంబాయి మిల్లులలో వారంలో ఏడు రోజులూ పనిచేసిన కార్మికుల పక్షాన నారాయణ్ మేఘాజీ లోఖండే సంవత్సరాల తరబడి పోరాడగా, 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు అంగీకరించారు. మరుసటి ఏడాది ఫ్యాక్టరీల చట్టంలో వారపు సెలవుకు చోటు దొరికింది. 1942 నాటి చట్టం దుకాణాలకు, 1948 నాటి చట్టం కర్మాగారాలకు దానిని దృఢపరచాయి. రాజీవ్ గాంధీ ప్రభుత్వం 1985లో కేంద్ర కార్యాలయాలకు వారానికి ఐదు రోజుల పనిని ప్రవేశపెట్టగా, ఢిల్లీ గుమాస్తాకు శనివారం కూడా కలిసివచ్చింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు కూడా కార్మికునిచేత వారానికి ఆరు రోజులకు మించి పని చేయించరాదనే సూత్రాన్ని నిలుపుకున్నాయి.

ఈ శాసనాలన్నీ గడపదాకా వచ్చి ఆగిపోతాయి. ఇతరుల ఇండ్లలో పనిచేసేవారికి వారానికి 24 గంటల ఎడతెగని విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒడంబడిక చేసింది. భారతదేశం దానిని ధ్రువీకరించలేదు. ఇక తన ఇంట్లోనే పనిచేసే ఇల్లాలిని ఏ శాసనమూ ఎరుగదు. కేంద్ర గణాంకశాఖ 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికి వెచ్చిస్తుండగా, అటువంటి పనులలో చేయి వేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. 2019లో ఈ సంఖ్యలు 299, 97. స్త్రీకి పది నిమిషాలు తగ్గిన ఐదేళ్ళలో పురుషుడు తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నాడు! ఇంటిల్లిపాదికీ సెలవైన రోజున పిండివంటల పేరిట ఆడవారికి పని పెరగటం మన ఇళ్ళలో అందరూ ఎరిగినదే.

ఆ ముసలమ్మగారు దీనిని ఒక్క ముక్కలో తేల్చివేశారు. "మా కాలంలో ఆదోరం మగోళ్ళకే బాబూ. పొయ్యికి ఆదోరం ఉంటాదేటి?"

ఆవిడ మనుమడు పేర్చి ఇచ్చిన బర్గరును సగం తిని, ‘కూడు తినకపోతే కడుపు నిండదు’ అని చద్దన్నం, నిన్నటి చేపల పులుసు అడిగారు. కోడలు అలవాటు చొప్పున లేవబోయారు. మనుమడు ముందే లేచి వడ్డించాడు. పులుసు కొంత చాపమీద ఒలికింది. ఖరహరప్రియ మాత్రం సాగుతూనే ఉన్నది.

దీనిని ఆదర్శ గృహమని చిత్రించటం మన ఉద్దేశం కాదు. మైదాపిండి బన్ను, నూనెలో కాల్చిన ముద్ద ఆరోగ్యానికి నిత్యభోజనం కాజాలవు. నెలకు రెండు పూటలతో లెక్క సమం కాదని ఆ గృహస్థుకు కూడా తెలుసును. మిగిలిన ఆరు రోజుల సంగతి ఏమిటని అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆయన భార్య నవ్వలేదు. వచ్చే నెల ఆయన వారపు సెలవు బుధవారానికి మారుతున్నది, పిల్లలు బడికి పోతారు, అప్పుడు ఈ ఏర్పాటు ఏమవుతుందో చూడవలెనని మాత్రం అన్నారు.

ప్రభుత్వం చేయగలది, చేయలేనిది

ఈ విషయంలో ప్రభుత్వాలు చేయగలవి కొన్ని ఉన్నాయి. వంతులవారీ సెలవులు ఇచ్చే శాఖలు నెలకు ఒక ఆదివారమైనా ప్రతి ఉద్యోగికీ దక్కేటట్లు పట్టిక తయారుచేయటం కష్టమైన కార్యమేమీ కాదు. ఆకాశవాణి భాండాగారంలో ద్వారంవారివంటి మహావిద్వాంసుల ధ్వనిముద్రణలు ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం గంటసేపు, ప్రకటనలు వార్తలు చొరబడకుండా ఒక పూర్తి రాగాన్ని వినిపిస్తే దీవులలోని తెలుగువారే కాదు, బీదరుకానుండి బస్తరుదాకా చెదరి ఉన్న తెలుగువారందరూ సంతోషిస్తారు. ఇంటిపనివారి విశ్రాంతి ఒడంబడికపై సంతకం విషయమై పార్లమెంటులో ప్రశ్నించదలచిన సభ్యులకు అవకాశాలకు కొదువలేదు.

ఇంట్లోని పొయ్యికి సెలవు ఇప్పించటం మాత్రం ఏ మంత్రిత్వశాఖకూ సాధ్యంకాదు. దానికి చట్టం అక్కరలేదు, బడ్జెట్టు కేటాయింపు అక్కరలేదు. నాలుగు బన్నులు, రెండు దుంపలు, ఉప్పు ఎంతో తల్లిని అడగకుండా తానే రుచి చూసుకునే కుర్రవాడు ఉంటే సరిపోతుంది. ఒకనాడు తీరిక అనేది వైస్రాయికి మాత్రమే దక్కిన తీరంలో, నేడు ఒక పడవ ఉద్యోగి భార్యకు ఒక రాగం పూర్తిగా వినే అదృష్టం పట్టింది. అటువంటి గంట మన ఇండ్లలో కూడా వారానికొకటి దక్కాలని ఆశించటం అత్యాశ కాదు.